మున్నేరు దాటనివ్వలేదు

కొత్త చింతపండులో పిక్కలు తీస్తుంటే ఆ వాసనకి, చిన్నప్పుడు నందిగామలో నేను చేసిన యుద్ధం గుర్తొచ్చింది. ఆ వేసవిలో మా పెద్దమ్మ కూతురు సుధక్క, "చిన్నదానివి, ఫో," అని నన్ను అష్టాచెమ్మాలో చేర్చుకోలేదు.

నేను వరండాలో సుద్దముక్కతో మా మున్నేరు గీసి, మూడు రేవుల్లోనూ చింతపిక్కల్ని కాపలా పెట్టాను. అవతలి ఒడ్డున, తెల్లగా అరగదీసిన పిక్క సుధక్క. ఇద్దరి తరఫునా గవ్వలు నేనే వేసేదాన్ని. ఆమె ఏరు దాటే పందెం పడితే, చెల్లదని మళ్ళీ వేసి ముంచేసేదాన్ని.

తన స్నేహితురాళ్ళు ఊళ్ళకెళ్ళిపోయాక, ఓ మధ్యాహ్నం సుధక్క వచ్చి నా పక్కన కూర్చుంది.

"నన్నూ చేర్చుకోవే."

"ఇది ఒక్కళ్ళే ఆడే ఆట," అన్నాను తల ఎత్తకుండా.

కాసేపు చూసి వెళ్ళిపోయింది.

సిగ్గుపడదామని ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, కుదరడం లేదు. గవ్వలు రెండోసారి వెయ్యకుండా నేను గెలిచిన యుద్ధం అదొక్కటే.