ఈల నేర్చిన కోడెలు

నేను ఖతర్ వెళ్ళింది హౌస్ డ్రైవర్ వీసా మీద. నెల తిరక్కుండానే నా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, అల్ ఖోర్ దారిలో ఉన్న తన పశువుల దొడ్డిలో నన్ను దించేశాడు. తప్పు నాదే. ఆఫ్రికా నుంచి ఓడలో వచ్చిన కోడె ఒకటి మేత ముట్టడం లేదని ఆయన దిగులుపడుతుంటే, ఊరుకోలేక దాని నోరు తెరిచి, నాలుక కింద గుచ్చుకున్న ముల్లు తీసి చూపించాను. కడప జిల్లా రైతునన్న గొప్ప మరి.

అవి బోరానా జాతి పశువులు. మూపురం, గంగడోలు, అచ్చం మన పశువుల్లాగే ఉండేవి. ఎండకు జంకవు, ఎండుగడ్డి పెట్టినా ఒళ్ళు చేస్తాయి, పిడుదులు పట్టినా చర్మం విదిలించి ఊరుకుంటాయి. మాంసం కోసం కోతకు పెంచేవాడికి అంతకంటే ఏం కావాలి?

నాకేమో సేద్యపు ఎద్దును పెంచడమే తెలుసు. గంగడోలు నిమిరాను. నీళ్ళ తొట్టి దగ్గర సన్నగా ఈల వేశాను; మా వైపు ఈల వేస్తేనే ఎద్దులు కడుపునిండా నీళ్ళు తాగుతాయి. ఆరు నెలల్లో ఆ కోడెలు నా ఈలకు తప్ప కదలకుండా తయారయ్యాయి. కోతకు తీసుకెళ్ళే లారీ వస్తే నేనే ఈల వేస్తూ ముందు ఎక్కాలి, నా వెనక అవి. మొదటిసారి ఎక్కించిన రోజు నాకు కూడు దిగలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

రెండేళ్ళు నిండాయి. నేను వచ్చాక పుట్టిన కూతుర్ని ఇంకా చూడలేదు. సెలవు అడిగితే కఫీల్, "నువ్వు పోతే వీటిని ఎవరు ఎక్కిస్తారు? ఛుట్టీ మాఫీ" అన్నాడు, అంటే సెలవు లేదని. పాస్‌పోర్టు ఆయన దగ్గరే ఉంది.

లారీ డ్రైవర్ది నంద్యాల. "నీ ఈలకు వచ్చాండాయి కాబట్టే నిన్ను పంపీడు. అలవాటు చేసింది నువ్వే, నువ్వే మానిపించల్లప్పా" అన్నాడు.

పది రోజులు ఈల వేసి మరీ నీళ్ళ పైపుతో కొట్టాను. అన్నిటికంటే మచ్చికైన ఎర్రకోడెను ఎక్కువ కొట్టాను. నన్ను చూస్తే చాలు, అన్నీ దూరంగా పోయి కంచెకు ఆనుకుని నిలబడేవి.

మళ్ళీ లారీ వచ్చింది. కఫీల్ ఎదురుగా ఈల వేశాను. ఒక్కటీ కదల్లేదు. ఇక నాతో పని లేదని పంపేస్తాడని లోపల ఎంత సంతోషపడ్డానో. "మళ్ళీ వెయ్" అన్నాడాయన. నోరెండిపోయి ఈల సగమే వచ్చింది. ఎర్రకోడె చెవులు నిక్కబొడిచి, ఒక్కో అడుగే వేస్తూ వచ్చి నా చేయి వాసన చూసింది. వీపు మీద నేను కొట్టిన వాతలు ఇంకా తేలే ఉన్నాయి. నేను కదలకముందే అది లారీకి వాల్చిన పలక ఎక్కింది. మిగతావి దాని వెనక నడిచాయి.

కఫీల్ నా భుజం తట్టి, వచ్చే వారం ఇంకో ఓడ వస్తోందని చెప్పాడు. నేను మా ఇంటి గడప తొక్కేసరికి నా కూతురు బడికి పోతోంది.