లస్మయ్య పట్టిన ఎర్ర పాకం

టంగ్.

ఎల్లారెడ్డి పొలిమేరలో చెరుకు గానుగ ఆడే రోజుల్లో ఆ చప్పుడు మనిషి కంటే ముందు వచ్చేది. చేల మీద మంచు ఇంకా లేవకముందే, తెల్లటి ఆవిరి లోపలి నుంచి, ఇత్తడి పళ్లెం మీద గులకరాయి పడ్డట్టు ఒక్కటే చప్పుడు. దాని వెనకాల ఆవిరిని పక్కకు జరుపుకుంటూ లస్మయ్య కనబడేవాడు. తలకు తుండు, చేతిలో పొడవాటి గంటె, కనురెప్పల మీద అతుక్కున్న తీపి.

మరిగే రసంలోంచి చిటికెడు పాకం తీసి చన్నీళ్లలో వేసి, ఉండ చేసి, పళ్లెం మీదికి విసిరేవాడు. టంగ్‌మంటే బెల్లం అయినట్టు. అనకపోతే కానట్టు. లోకంలోని తక్కిన సంగతులు కూడా ఇలాగే తేలిపోతాయని అతని నమ్మకం.

అలాంటి లస్మయ్యకు ఒక ఏడు చప్పుడు తప్పింది. చెవిపోటు వచ్చి తలకు గట్టిగా గుడ్డ బిగించుకున్నాడు. వినబడని చప్పుడును విన్నాననుకొని పాకం దించేశాడు. గానుగ సొంతదారు హన్మంతు పటేలు ఆ బెల్లాన్ని గోనెల్లో కట్టించి కామారెడ్డి అంగడికి బండి తోలించాడు. ఎండ ఎక్కింది. లింగంపేట దాటేసరికి బండి ఏడవడం మొదలుపెట్టింది. పలకల సందుల్లోంచి బంగారు తీగలు సాగాయి. బండి వెనకాల చీమలు, చీమల వెనకాల కోళ్లు, కోళ్ల వెనకాల పిల్లలు, దారినంతా నాకుతూ నడిచారు. అంగడికి చేరినవి తడిసిన గోనెలు మాత్రమే. మిగతా బెల్లమంతా ఒక పొడవాటి దారి అయిపోయింది.

అప్పటి నుంచి అతను చారు లస్మయ్య. మరుసటేడు గానుగ మొదలైనా అతనికి పిలుపు రాలేదు. పటేలు పిట్లం నుంచి వేరే మనిషిని తెప్పించాడు. లస్మయ్య తన గడపలో కూర్చొని, చేల మీదుగా వచ్చే ఇంకొకరి చప్పుళ్లు వినేవాడు. పరాయి ఇంట్లో తన బిడ్డ ఏడుస్తున్నట్టుండేది.

“ఏం వింటున్నవయ్యా గంత సేపు?” అని అడిగింది భార్య సాలవ్వ.

“వాడు లేతగ దించుతుండు.”

“దించనీ. నువ్వు జెర లేచి అటక మీది కట్టెలు దించు.”

అది పందొమ్మిది వందల నలభై, డిసెంబరు. దూరదేశాల్లో యుద్ధం జరుగుతోంది. ఆ యుద్ధం లస్మయ్య గడప దాకా వచ్చిన తీరు విచిత్రమైనది.

ఎల్లారెడ్డి మిషను బంగళాలో గ్రేసమ్మ దొరసాని ఉండేది. అమెరికా మనిషి. ఏటా క్రిస్మసుకు ఆమెకు ఓడ మీద, ఆ పైన రైలు మీద, కామారెడ్డి స్టేషనుకు ఒక డబ్బా వచ్చేది. అందులో క్రాన్‌బెర్రీ అనే పండు పచ్చడి. డబ్బా కోసి బోర్లిస్తే ఎర్రగా దిగి, పళ్లెంలో నిలబడి, వణికేది. కాల్చిన కోడితో నంజుకునేవాళ్లు. ఆ ఏడు ఓడలు రాలేదు. వంటమనిషి మరియ రోజంతా స్టేషనులో కూర్చొని, ఉత్త చేతులతో తిరిగొచ్చింది. దొరసాని రెండు పూటలు అన్నం ముట్టలేదు. చిన్నప్పుడు తన తల్లి ఇంట్లోనే చేసేదని గుర్తు తెచ్చుకొని, మనమూ ఇంట్లోనే చేద్దామంది.

పండుగ ముందు రోజు మరియ లస్మయ్య వాకిట్లోకి వచ్చింది.

“లస్మన్నా, పుంటికూర చెట్లకు ఎర్రటి కాయలైతయి సూడు, వాటి రేకులు ఉడకబెట్టిన. దొరసాని నోట్లె ఏసుకోని కండ్ల నీళ్లు పెట్టుకున్నది. రుచి అచ్చం గదేనట. గని నిలవడుతలేదే. గిన్నె బోర్లిస్తే బల్లంత పారుతున్నది.”

“చారు అయితున్నదంటవు.”

“సరైన మనిషి కాడికే వచ్చినవు,” అంది సాలవ్వ లోపలి నుంచి.

“నవ్వకు వదినా. రేపు పెద్ద పాదిరి వస్తుండు. హన్మంతు పటేలును గూడ పిలిచినరు.”

లస్మయ్య లేచి నిలబడ్డాడు. “పటేలు వస్తుండా?”

తుండు దులిపి తలకు చుట్టాడు. పటేలు కళ్ల ముందు ఒక్కటంటే ఒక్క ముద్ద నిలబడితే చాలు. గంటె, ఇత్తడి పళ్లెం, కొత్త బెల్లం చంకన పెట్టుకొని బంగళా దారి పట్టాడు.

దొరసాని వంటింటి గుమ్మంలో ఎదురొచ్చింది. ఆమె తెలుగు బైబిలులో నేర్చుకున్న తెలుగు.

“లక్ష్మయ్యా, నీవు వచ్చితివి గనుక నాకు సంతోషము. ఇది నిలువవలెను. నిలిచి వణకవలెను.”

“వణకాలంటే?”

దొరసాని రెండు చేతులూ గిన్నెలా పట్టి, బుగ్గలూ గడ్డమూ మెడా కలిపి వణికించి చూపింది. లస్మయ్య ముఖం చిన్నబోయింది.

“ఆ బండి కత ఈమెకు గూడ చెప్పినరా?” అని మరియ చెవిలో అడిగాడు.

“లేదన్నా. వాళ్ల పచ్చడే గట్లుంటదట.”

“దొరసానమ్మా, నిలవడ్డది వణకది. వణికేది నిలవడది. రెండిట్ల ఒక్కటి చెప్పుండ్రి.”

“మా తల్లి చేసినది రెండును చేసెను.”

“ఆమెకు లేతగ దించే అలవాటున్నట్టున్నది, పాపం,” అన్నాడు లస్మయ్య మెల్లగా. మరియ అతని మోచెయ్యి గిచ్చింది.

పొయ్యి రాజుకుంది. గోంగూర కాయల ఎర్ర రేకులు నీళ్లలో విప్పుకున్నాయి. మొదట లేత సాయంత్రంలా ఉన్న రంగు ముదిరి ముదిరి, పొయ్యి మీద ఒక పొద్దు గుంకుతున్నట్టయింది. బెల్లం పడగానే ఆ పొద్దు బుగ్గలు పొంగించి ఊపిరి తీసింది. వంటింటి గోడలూ, మరియ రవికె, దొరసాని తెల్ల జుట్టూ అన్నీ పుల్లటి వాసనతో ఎర్రబడ్డాయి. దొరసాని తొంగి చూసింది. ఆమె ముఖం వెలిగింది.

“ఇదిగో సమయము! దించుము!”

“ఇంక పచ్చిది.”

“దించుము, లక్ష్మయ్యా!”

“దించన్నా! తినేది ఆమెనా, నువ్వా?” అంది మరియ.

లస్మయ్య కడాయిలోకి చూశాడు. అందులో అతనికి లింగంపేట దారి కనబడింది. చీమలు, కోళ్లు, నాలుకలు చాపిన పిల్లలు. గంటెను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. రసం చిక్కబడింది, బరువెక్కింది, బుడగలు నోరు మూసుకున్నాయి. అప్పుడు చిటికెడు తీసి, నీళ్లలో వేసి, ఉండ చేసి, పళ్లెం మీదికి విసిరాడు.

టంగ్.

లస్మయ్య కళ్లు మూసుకున్నాడు. దొరసాని పీట మీద కూలబడింది.

క్రిస్మసు మధ్యాహ్నం పొడవాటి బల్ల వేశారు. కాల్చిన కోడి, రొట్టె, పెద్ద పాదిరి. హన్మంతు పటేలు ఆ ఇంట్లో తినడు గనుక, అరటిపండు ఒకటి చేతిలో పట్టుకొని వరండా కుర్చీలో మర్యాదగా కూర్చున్నాడు. లస్మయ్య వంటింటి తలుపు వెనకాల నిలబడి ఆ అరటిపండునే చూస్తున్నాడు.

మరియ గిన్నె బోర్లించింది. ఏమీ దిగలేదు. వేడి నీళ్లలో ముంచి మళ్లీ బోర్లించింది. ఈసారి దిగింది. బల్ల మీది చెంచాలన్నీ ఒకసారి ఎగిరి కూర్చున్నాయి.

అది చాలా అందంగా ఉంది. కిటికీ ఎండ అందులోకి దూరి బయటికి దారి తెలియక అక్కడే తిరుగుతోంది. అందరూ “ఆహా” అన్నారు. పెద్ద పాదిరి కత్తి ఆనించాడు. కత్తి వంగింది. ఇంకా గట్టిగా నొక్కాడు. ముద్ద చేతి కింద నుంచి జారి, బల్ల పొడవునా పరుగెత్తి, కోడిని గుద్దింది. కోడి పళ్లెం దాటి కింద పడి, తలుపు వైపు కొంచెం దూరం పోయింది.

“స్తోత్రము,” అన్నారు ఎవరో, ఇంకేమనాలో తోచక.

చివరికి మరియ రోకలి తెచ్చింది. ఎర్ర ముక్కలు గది నిండా ఎగిరాయి. దొరికినవి దొరికినట్టు నోట్లో వేసుకున్నారు. తరవాత ఆ ఇంట్లో మాట లేదు. పాదిరి ఏటా చేసే పెద్ద ప్రసంగానికి లేచి నిలబడ్డాడు. పళ్లు విడలేదు. “మ్మ్,” అన్నాడు. చేతులు ఆకాశం వైపు చాచి మళ్లీ “మ్మ్” అన్నాడు. జనం ముక్కుతోనే ఆమెన్ అన్నారు. కొందరు ఏడ్చారు. అంత బాగా ఆయన ఎప్పుడూ చెప్పలేదని తరవాత చాలా రోజులు అనుకున్నారు. దొరసాని బుగ్గలో ముక్క పెట్టుకొని కిటికీ దగ్గర కళ్లు మూసుకొని కూర్చుంది. చెంపల మీద నీళ్లు దిగుతున్నాయి. తల్లి కోసమో, పన్ను కోసమో ఎవరికీ తెలియలేదు.

హన్మంతు పటేలు వరండాలోంచి లేచి వచ్చాడు. మిగిలిన ముద్ద మీద వేలి కణుపుతో కొట్టాడు. అది మోగింది. మళ్లీ కొట్టాడు.

“ఎవడు పట్టిండు దీన్ని?”

మరియ బుగ్గ ఉబ్బి ఉంది. తలుపు వైపు చెయ్యి చూపింది. లస్మయ్య బయటికి వచ్చాడు.

“నువ్వారా లస్మిగా? రాయి కన్న గట్టిగున్నది గదరా!”

“కామారెడ్డి ఏంది పటేలా, కాశీ దాకా తోలుండ్రి. కారితే నా పేరు మార్చుండ్రి.”

“ఇప్పటికే ఓసారి మార్చినం గదా,” అని నవ్వాడు పటేలు. అరటిపండు తీసి లస్మయ్య చేతిలో పెట్టాడు. “పొద్దుగాల గానుగ కాడికి రా. పిట్లమోన్ని పంపిచ్చేస్త.”

దొరసాని నోట్లో ముక్క కరిగేసరికి దీపాలు పెట్టే వేళయింది. అప్పుడు ఆమె నెమ్మదిగా, “లక్ష్మయ్యా, అది వణకలేదు,” అంది.

“వణకది అమ్మా,” అన్నాడు లస్మయ్య, పొగడ్త అందుకున్నవాడిలా వంగి.

మరుసటి క్రిస్మసుకు కూడా ఆమె అతన్నే పిలిచింది. పళ్లు నొప్పి పుట్టినవాళ్లంతా మళ్లీ వచ్చారు. రోకలి ముందే కడిగి బల్ల మీద పెట్టారు. ఆ పై ఏడు ఆమె తన దేశానికి వెళ్లిపోయింది. ఆ చలికాలమే గానుగ పక్కన కూర్చొని ఈ సంగతులు అడిగి రాసుకున్న మనిషితో, పొయ్యి మీది నుంచి చూపు తిప్పకుండా లస్మయ్య చివరగా అన్నాడు:

“పోయేటప్పుడు ఒక ముక్క రుమాల్ల కట్టుకోని పోయింది. ఓడ మీదనే ఉన్నదో, ఇల్లు చేరిందో తెల్వది. యాడున్న గని, నోట్లె ఇంక సగమన్న ఉండే ఉంటది బిడ్డా. నేను లేతగ దించలె గద.”