మోటారు ఆపి అన్నానికి పిలిచిన చిన్నమ్మ

నిన్న పొద్దున పాతపాళ్య ఊరి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, అమ్మ లేదు" అన్నాడు.

ఏ అమ్మ అని అడిగాను. బుర్ర పనిచేయలేదు.

నరసమ్మ చిన్నమ్మ. మా అమ్మ చెల్లెలు, వాడి తల్లి. గుండెపోటు. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది.

నేను బెంగళూరులో పనిచేసే కంపెనీ, పొలంలోని మోటారును ఇంటి నుంచే ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే బాక్స్ తయారుచేస్తుంది. మొదటి బాక్సుల్లో ఒకటి చిన్నమ్మ వాళ్ళ టమాటా తోటలో పెట్టించాను.

ఆఫీసు స్క్రీన్ మీద చూస్తే, రోజూ మధ్యాహ్నం ఆ మోటారు ఒక్క నిమిషం ఆగి, మళ్ళీ ఆన్ అయ్యేది. బాక్స్ పాడైందేమోనని ఊరికి వెళ్ళాను.

చిన్నమ్మ నవ్వింది.

"పాడు కాలేదమ్మా, నేనే ఆపేది. మీ చిన్నాయన ఫోను ఎత్తుకొని పోడు. నాకేమో మోకాళ్ళ నొప్పులు, అంత దూరం నడవలేను. నీళ్ళు ఆగి మళ్ళీ వస్తే, అన్నమైందని తెలుసుకొని వస్తాడు."

వెంటవెంటనే ఆపి ఆన్ చేస్తే మోటారు కాలిపోతుందని నా భయం. ఒకసారి ఆపితే పది నిమిషాల దాకా ఆన్ కాకుండా అప్‌డేట్‌లో లాక్ పెట్టేశాను.

చిన్నమ్మ పిలవడం మానేసింది. నాతో ఒక్క మాట అనలేదు.

నెల తర్వాత పెరట్లో జారిపడింది. కాలు విరిగింది. తమ్ముడికి, పక్కింటికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. మోటారు ఆపింది. మళ్ళీ ఆన్ చేద్దామంటే నా లాక్ అడ్డం.

చిన్నాయన కరెంటు పోయిందనుకుని తోటలోనే కూర్చున్నాడు. పది నిమిషాల తర్వాత నీళ్ళు వచ్చినా, కరెంటు వచ్చిందనే అనుకున్నాడు.

గంటసేపు ఆమె అలాగే పడి ఉంది.

బాగేపల్లి ఆసుపత్రిలో ఆమె ముఖం చూడలేకపోయాను.

"నువ్వేం చేస్తావమ్మా, మోటారు కాలిపోతాదనే కదా పెట్టింది" అంది. తర్వాత, "ఆయప్పను పిలిచేకి ఇంకోటేమన్నా ఉండాదేమో చూడు" అంది.

ఈ సంగతి చెబితే, యూజర్లు బాక్స్‌ను తప్పుగా వాడుతున్నారని ఆఫీసులో అన్నారు. అప్పటిదాకా నేనూ అదే అన్నాను.

ఈసారి ఒప్పుకోలేదు. ఆ నెలలోనే బాక్స్‌కు బెల్ కలిపాం. ఇంట్లో బటన్ నొక్కితే తోటలో మోగుతుంది. ఇప్పుడు మా బాక్సులన్నింటికీ అది ఉంది. ఎవరి కోసం పెట్టామో కొనేవాళ్ళకు తెలియదు. అందుకే ఈ పోస్ట్.

నిన్న సాయంత్రం చిన్నమ్మను మట్టి చేసి వచ్చాక, చిన్నాయన తోటకు పోతానన్నాడు. ఎవరూ వద్దనలేదు.

చిన్నమ్మా, నన్ను క్షమించానని నువ్వు ఎప్పుడూ అనలేదు. అనాల్సినంత కోపమే నీకు రాలేదు.

నెమ్మదిగా నిద్రపో.