చాచా చూసిన ఏనుగులు

మా పక్కింటి చాచా పోయాడని మొన్న శుక్రవారం పొద్దున హోటల్లో చాయ్ తాగుతుంటే చెప్పారు. నేను నమ్మలేదు. జనాన్ని ఆటపట్టించి బతికినవాణ్ని కదా, ఎవరో నా మీదే ఎత్తు వేశారనుకున్నాను. పోయి చూస్తే ఆయన వాకిట్లో చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి.

చాచా బోరు బండి మీద పనిచేసేవాడు. హాలియా అవతల, కాలువ నీళ్లు ఎక్కని మా మిట్ట ఊళ్లలో సగం బోర్లు ఆయన చేతివే. ఆ మోతకు చివరి ఏళ్లలో చెవులు సగం పోయాయి. మనం అరిచి తిట్టినా పలికేవాడు కాదు గానీ, చాయ్ అని గొణిగితే మాత్రం వీధి అవతలి నుంచి వచ్చేవాడు.

ఎనభైల చివర్లో ఆయన కంపెనీ బండిని ఓడెక్కించి కెన్యాకు పంపింది, వెంట చాచాను కూడా. అక్కడి పట్నం నుంచి రెండు రోజుల దారి, జీపుల్లో తిరిగి జంతువులను చూసే అడవి. చూడవచ్చేవాళ్లు దిగే డేరాల దగ్గర బోరు వేయాలి. ఆరు నెలలకు తిరిగొచ్చి మా అరుగు మీద కథలు మొదలుపెట్టాడు. సింహం పగలంతా పని దొంగలా పడుకునే ఉంటుందట. జిరాఫీ నీళ్లు తాగాలంటే ముందుకాళ్లు ఎడంగా చాపి నానా తిప్పలు పడుతుందట. ఏనుగుల మంద పక్కనుంచే పోయినా అడుగుల చప్పుడు రాదట.

ఆ చివరి మాట నా నోటికి దొరికింది. బోరు మోతకు నీ చెవులే పోయినయేమో చూసుకో అన్నాను. అందరూ నవ్వారు. నవ్వితే నేను ఆగే రకమా? ఆయన ఆరు నెలలూ హైదరాబాదు జూ వెనక కిరాయి గదిలో ఉన్నాడని, ఏనుగుకు అరటిపండ్లు పెడుతుంటే నా కండ్లతో చూశానని పుట్టించాను. నెల తిరిగేసరికి ఊరంతా జూ చాచా అంటోంది. ఆయన కోప్పడలేదు. ఆఫ్రికా మాట ఎత్తడమే మానేశాడు. ఎవరైనా అడిగితే జర పనుందని లేచిపోయేవాడు.

ఆయనకో అలవాటు ఉండేది. ఎక్కడ బోరు పడినా మొదటి నీళ్లు ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. పక్కన చిన్న గుంత తవ్వించి అందులోకి వదిలించేవాడు. కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డ రైతు ఎంత గునిసినా అంతే. చాదస్తం అనుకునేవాళ్లం.

తొంభైల్లో ఒక కరువు ఎండాకాలం నా చేనులో బోరు వేశాడు. సాయంత్రానికి నీళ్లు పడ్డాయి. గుంత నిండగానే బండి ఆపించి, నన్ను దూరంగా గట్టు మీద కూర్చోబెట్టాడు.

"సప్పుడు చేయకు బేటా. నీ నోరు గీ ఒక్క పొద్దు మూసుకో."

కాసేపటికి కంచెలోంచి కౌజుపిట్టలు, వాటి వెనక ఒక కుందేలు వచ్చాయి. ఎన్నాళ్ల దప్పికో, తలెత్తకుండా తాగాయి.

"గిట్లనే వచ్చినయి," అన్నాడు.

"ఏమొచ్చినయి చాచా?"

"ఏనుగులు. నీళ్లు పడ్డనాడు మేమంత బండి మీదికెక్కి కూసున్నం. ముసల్ది ముందుగాల వచ్చింది. తను తాగలే. పిల్లలు తాగినదాంక నిలబడ్డది. సప్పుడైతే రాలే బేటా. నా చెవులు అప్పుడు మంచిగనే ఉండె."

తప్పయిందని అనడం నాకు చేతకాలేదు. ఇంకేమన్న చెప్పు చాచా అన్నాను. ఆయన నా మొహం కాసేపు చూసి, చీకటి పడేదాకా చెప్పాడు.

మొన్న మట్టి ఇచ్చి వచ్చాక హోటల్లో ఎవరో, పాపం జూ చాచా అన్నారు. ఆ జూ కథ నేను అల్లిందేనని, ఆయన నిజంగానే ఆఫ్రికా పోయొచ్చాడని చెప్పాను. ఏనుగుల సంగతీ చెప్పాను. అంతా విని పగలబడి నవ్వారు.

"నువ్వు మారవు రా. సచ్చిపోయినోని మీద గూడ కతలేనా?"

అమ్మ మీద ఒట్టేశాను. ఇంకా నవ్వారు. అందుకే ఇది రాస్తున్నాను. నా సంగతి తెలియనివాళ్లు గనుక మీరైనా నమ్మండి. చాచా ఆఫ్రికా పోయాడు.

మొన్న హోటల్లోంచి లేచి, ఆ సాయంత్రమే చేనుకు పోయి మోటారు వేసి, గుంత నింపి, ఆపేసి గట్టు మీద కూర్చున్నాను. నీళ్లు తేరుకున్నాయి. వెనక ఏ చప్పుడూ లేదు. ఏనుగులు వచ్చినా చప్పుడు రాదు కదా, కదలకుండా, తల తిప్పకుండా అలాగే కూర్చున్నాను.