పనివాళ్ల క్షేమం కోసం ఉపవాసం

శుక్రవారం ఉదయం ఏడూ నలభైకి రాజమండ్రిలో భీమవరం వెళ్లే పాసింజరు ఎక్కాను. అరవై మూడేళ్ల వయసులో నాకీ ప్రయాణం ఎందుకు తగులుకుందో ముందు చెప్పాలి. భీమవరం అవతల ఓ పల్లెలో మా పిన్ని కొడుకు ప్రభుదాసు పాస్టరు. అతని సంఘానికి అమెరికాలోని ఒక పెద్ద చర్చితో స్నేహం. అక్కడి నుంచి డేనియల్ అనే పెద్దాయన వస్తున్నారు. తీరా చూస్తే తర్జుమా చేసే మనిషికి జ్వరం. "అక్కా, ఇంగ్లీషు లెక్చరరుగా చేశావు, నువ్వు తప్ప దిక్కు లేదు" అన్నాడు ప్రభుదాసు. నాకు మైకంటే చిరాకు. కానీ ఆ చర్చి వారం వారం పంపే ప్రార్థన మనవుల జాబితాను నాలుగేళ్లుగా ఇంట్లో కూర్చుని తెలుగు చేసి పంపేది నేనే. కాదనలేకపోయాను.

గోదావరి దాటాక ఇంటి నుంచి తెచ్చుకున్న ఇడ్లీ తిన్నాను. వెళ్లేవాళ్లెవరైనా ఉంటే టిఫిను కట్టుకునే వెళ్లండి, ఆ బండిలో అమ్మే ఇడ్లీతో గోడకు మేకు కొట్టొచ్చు. నిడదవోలులో టీ తాగాను. అక్కడే ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాయన ఉండి అనే ఊరి దగ్గర రొయ్యల చెరువులున్న రైతు. చర్చి సభకు వెళ్తున్నానంటే నవ్వారు.

"ఏమనుకోకండి మేడమ్. అమెరికా ఎలక్షనప్పుడు మా ఊరి చర్చిలో ఉపవాసాలు చేశారండి. గెలిచినాయనేమో మన రొయ్య మీద సుంకం పెంచి కూర్చున్నాడు. ఏం ప్రార్థన చేశారో గానీ, బాగా పని చేసిందండి!"

పక్కనున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. తణుకు దాటాక మాత్రం ఆ మాట గుర్తొచ్చి మనసు కలుక్కుమంది. ఆ ఎన్నికల ముందు నేను తెలుగు చేసిన జాబితాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. గర్భస్రావాలు ఆగాలి, బడుల్లో ప్రార్థన తిరిగి రావాలి, పెద్ద కోర్టులో భక్తిపరులైన జడ్జీలు కూర్చోవాలి, వీటన్నిటికీ ఒప్పుకున్న అభ్యర్థి గెలవాలి. అక్కడి ఆ చర్చిలో ఓటు వేయడం కూడా భక్తిలో భాగమే. ఇక్కడ మనవాళ్లకు ఓటు లేదు కాబట్టి ఉపవాసం పంపమన్నారు.

పదీ పదికి భీమవరం టౌనులో దిగి షేర్ ఆటోలో పల్లెకు చేరేసరికి పదకొండు. చర్చిలో మగవాళ్ల వైపు నిండింది. ఆడవాళ్ల వైపు సగం చాపలు ఖాళీ. "రొయ్యల షెడ్డు ఆడవాళ్లు రావడం మానేశారక్కా" అన్నాడు ప్రభుదాసు.

డేనియల్ గారు మంచి మనిషిలాగే ఉన్నారు. తెల్ల చొక్కా, కాళ్లకు చెప్పుల్లేకుండా నేల మీద నిలబడ్డారు. "మా దేశంలో విశ్వాసులు ఓటు వేసి దేశాన్ని దేవుని వైపు తిప్పారు. అందులో మీ ఉపవాసం కూడా ఉంది" అన్నారు. నేను తెలుగులో చెప్పాను. జనం ఆమేన్ అన్నారు గానీ గట్టిగా అనలేదు.

వాక్యం అయ్యాక ఎవరి మనవి వాళ్లు లేచి చెప్పుకోవడం అక్కడి పద్ధతి. ముందు చాప మీది నుంచి యాభై ఏళ్లావిడ లేచింది. పేరు సువార్తమ్మ. రొయ్యల తలలు తీసే పని. చేతి వేళ్లు ఒరిసిపోయి ఉన్నాయి.

"అయ్యగారూ, మీ ఎలక్షన్ కోసం నలభై రోజులు ఒంటిపూట తిని ప్రార్థన చేశామండి. మా షెడ్డు ఆడాళ్లందర్నీ నేనే కూర్చోబెట్టానండి. సుంకం పడ్డాక వారానికి రెండ్రోజులే పని. నీ ఉపవాసమే మా కొంప ముంచిందని నాతో ఎవరూ మాట్లాడట్లేదండి. నా ప్రార్థనలో తప్పేముందో మీరే చెప్పండి."

నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. అతిథి నొచ్చుకుంటారని, "ఈ సోదరికి పనిలో ఇబ్బందులున్నాయి, ప్రార్థించమంటోంది" అని ఇంగ్లీషులో అన్నాను. ఆయన చిరునవ్వుతో చెయ్యెత్తి దీవించబోయారు.

"ఆయన నవ్వుతున్నారేంటండి? నేనడిగింది చెప్పారాండి?" అంది సువార్తమ్మ నా కళ్లలోకి చూస్తూ.

నాకు తల కొట్టేసినట్టయింది. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నవ్వు ఆగిపోయింది. ఎత్తిన చెయ్యి దించి, నెమ్మదిగా అన్నారు.

"నేను అబద్ధం చెప్పను. ఓటు వేసేటప్పుడు పుట్టని బిడ్డల గురించి ఆలోచించాను, ఈ సోదరి పని గురించి కాదు. కానీ మేం దాచలేదు. బయటి దేశాల సరుకును అడ్డుకుని మా పనివాళ్లను కాపాడాలని ప్రార్థించమని జాబితాలోనే రాశాం. తెలిసే ప్రార్థించారనుకున్నాం."

ఆ వరుస నాకు బాగా గుర్తుంది. బయటి సరుకు మాట మనవాళ్లకెందుకులే అనుకుని, "పనివాళ్ల క్షేమం కోసం" అని రాసి పంపింది నేనే. ఇంగ్లీషుదీ తెలుగుదీ రెండు కాగితాలూ చదివినదాన్ని ఆ చర్చిలో నేనొక్కదాన్నే. ఆ ముక్క మింగేసి ఇంకోటి చెప్పినా అడిగేవాళ్లు లేరు. ప్రభుదాసు నా వైపు చూస్తున్నాడు. మైకు కింద పెట్టి, ఆయన మాట మొత్తం చెప్పి, నేను చేసిన పనీ చెప్పాను.

"పనివాళ్లంటే మేమేననుకున్నామండి" అంది సువార్తమ్మ. "నాకు చెప్తే ఏం లాభమండి? మా వాళ్లకి చెప్పండి."

భోజనానికి పులస కాదు గానీ మంచి చేపల పులుసే వండారు. నాకు ముద్ద దిగలేదు. రెండున్నరకు సువార్తమ్మ వెంట వాళ్ల పేటకు నడిచాను. డేనియల్ గారు తనూ వస్తానన్నారు, వచ్చారు. పని లేని రోజు కాబట్టి ఆడవాళ్లంతా అరుగుల మీదే ఉన్నారు. నా ఫోన్లోని ఆ పాత జాబితా తీసి మొదటి నుంచి చివరిదాకా ఒక్క మాట వదలకుండా తెలుగులో చదివాను. జడ్జీల దగ్గర ఎవరూ ఏమీ అనలేదు. బయటి సరుకు దగ్గరకు వచ్చేసరికి ఒకామె, "ఓరి దేవుడా, మన నోటి కూడు పొమ్మని మనమే మోకాళ్లూనామా!" అని నోరు నొక్కుకుంది.

"అయితే సువార్తమ్మ తప్పేం లేదన్నమాట" అంది గోడవార కూర్చున్న ముసలామె. "రావే, ఇలా కూర్చో."

సువార్తమ్మ వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. డేనియల్ గారు క్షమించమన్నారు. మళ్లీ ఓటు వేయాల్సొస్తే ఎవరికి వేస్తారని ఒక పిల్ల అడిగింది. ఆయన, "బహుశా వాళ్లకే. కానీ ఇంత తేలిగ్గా కాదు" అన్నారు. అలాగే చెప్పాను.

సాయంత్రం అయిదింటి బండి భీమవరంలో ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. చెరువుల్లో గాలి పట్టించే ఏరేటర్లు నీళ్లు చిమ్ముతున్నాయి, కొన్నిట్లో ఆగిపోయి ఉన్నాయి. అమెరికా రాజకీయం మనదాకా పడవల్లో, డాలర్లలో వస్తుందని అందరిలాగే నేనూ అనుకునేదాన్ని. ఆ పల్లెకు అది ప్రార్థనగా వచ్చింది. దాన్ని నున్నగా చెక్కి, ముల్లు కనబడకుండా చేతికిచ్చింది వాళ్లు కాదు, నేను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పేటలో ఆటో ఎక్కేటప్పుడు ఆడవాళ్లంతా లేచి నాకు "వందనాలండి" అన్నారు. సువార్తమ్మ అనలేదు. ముసలామె భుజానికి ఆనుకుని, నా వైపు చూస్తూ ఊరుకుంది.