వంతెన మీద స్నానాలు

నా చిన్నప్పుడు ఒక చలికాలం మా ఊరి పిల్లలమంతా వంతెన మీద స్నానం చేశాం. కింద వంకలో చుక్క నీరు లేదు. ఇళ్ల నుంచి బిందెలతో నీళ్లు మోసుకుపోయి, నిచ్చెన వేసుకుని పైకెక్కి, ఆ సిమెంటు బండ మీద గొంతుకూర్చుని పోయించుకునేవాళ్లం. ఈ మాట చెబితే మా మనవళ్లు నవ్వుతారు. నవ్వుకోనీ. నా ఈడువాళ్లు ఊళ్లో ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు, పోయి వాళ్లనడగమంటాను.

మాది అనంతపురం జిల్లాలో చెనక్కాయలు, అదే వేరుశనగ, తప్ప ఇంకేమీ సరిగా పండని ఊరు. ఊరికీ రోడ్డుకీ మధ్య ఒక వంక, అంటే వాగు, ఉండేది. రోడ్డెక్కితే ఒక వైపు కొత్తచెరువు అనే పెద్ద ఊరు, ఇంకోవైపు నేను రోజూ కలలు కన్న హైస్కూలు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ వంక ఉత్త ఇసుకే. కానీ ఎగువన ఎక్కడో వాన పడితే మా మీద ఎండ కాస్తుండగానే నీళ్లు గోడలా వచ్చి పడేవి. అలా వచ్చిన ఒకరోజు మా బండి కొట్టుకుపోయింది. నాయన ఎలాగో గట్టు పట్టుకున్నాడు గానీ మా ఎద్దుల్లో ఒకటి పోయింది. ఆ ఎద్దు కోసం నాయన చిన్నపిల్లాడిలా ఏడవడం నేను కళ్లారా చూశాను.

అందుకే ఐదో తరగతి అయ్యాక నేను హైస్కూలు మాటెత్తితే ఆయన ఒకటే చెప్పాడు. "వంతెన అవనీ, పంపిస్తా. వంతెన లేకుండా నా బిడ్డను ఆ వంకలోకి దింపను." కోప్పడి అన్నా బాగుండేది, నేనూ అలిగేదాన్ని. ఆయన మెల్లగా అన్నాడు. ఇక ఆ మాట మారదని నాకు తెలిసిపోయింది.

వంతెన వస్తుందని మాత్రం అందరూ అనేవాళ్లు. అవి పంచవర్ష ప్రణాళికల రోజులు. సర్కారు జీపు వచ్చి పంచాయతీ గోడ మీద తెల్లగుడ్డ కట్టి సినిమా వేసేది. అందులో కొండంత డ్యాములు, వాటి మీద చీమల్లా మనుషులు. మా వాళ్లు నోరెళ్లబెట్టి చూసి, జీపు వెళ్లిపోయాక "మనూరి పేరు ప్లానులో ఉండాదంట" అని చెప్పుకుంటూ ఇళ్లకు పోయేవాళ్లు. కాలువ కింద చిట్టచివరి పొలానికి నీళ్లు వచ్చినట్టు, పైన అందరి పనులూ అయ్యాక ఆ డబ్బు మా దాకా రావాలి. వస్తుందో, దారిలోనే ఇంకిపోతుందో ఎవరికీ తెలియదు. కానీ ఎదురుచూడటం బాగుండేది. అంత ఆశగా దేనికోసమూ ఊరంతా కలిసి ఎదురుచూడటం నేను మళ్లీ చూడలేదు.

చివరికి ఒకరోజు లారీలో ఇనుప కడ్డీలు దిగాయి. తాడిపత్రి వైపు మేస్త్రీ ఒకాయన తన మనుషులతో వచ్చి వంక గట్టున గుడిసెలు వేసుకున్నాడు. మూడు కానాల వంతెన అన్నారు. అంటే నీళ్లు పోవడానికి కింద మూడు దారులన్నమాట. రాతి గోడలు లేచాయి. మా అవ్వ, అంటే నాయనకు తల్లి, ఆ గుడిసెలవాళ్లకు మజ్జిగ పంపేది, ఒక్కోసారి సంగటి ముద్దలూ పంపేది. తీసుకుపోయేది నేనే. గోడ ఎంత లేచిందో చూసి వచ్చి రోజూ నాయనకు చెప్పేదాన్ని. ఆయన తలూపేవాడు.

రెండు కానాల మీద స్లాబు పోశారు. ఇంకో కానా, రెండు వైపులా ఎక్కడానికి మట్టికట్ట మిగిలాయి. అప్పుడు సరిహద్దులో చైనాతో యుద్ధం వచ్చింది. మా బడిలో పిల్లల చేత జవాన్లకు చందాలు పోగుచేయించారు. ఐదో తరగతి అయిపోయినా నేనూ వాళ్లతో ఇంటింటికీ తిరిగి అడిగాను. యుద్ధానికీ మా వంతెనకూ ఏదో లంకె ఉంటుందని నాకేం తెలుసు? ఒక పొద్దున జీపు వచ్చింది. పని చూసే ఓవర్సీరు దిగి, పై నుంచి ఉత్తర్వు వచ్చింది, డబ్బు అటు మళ్లించారు, ఎక్కడి పనులు అక్కడ ఆపమన్నారు అని చెప్పి వెళ్లిపోయాడు. ఆయన ముఖమూ బాగా లేదు పాపం.

ఆ సాయంత్రమే గుడిసెలు పీకారు. మేస్త్రీ మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని, అవ్వ ఇచ్చిన మజ్జిగ చెంబు అందుకున్నాడు. తర్వాత అవ్వతో అన్నాడు. "అవ్వా, రెండో కానా స్లాబు నిన్న పోసింది. పచ్చిది. రెండు మూడు వారాలు తడి ఆరకుండా చూసుకుంటే గట్టిపడ్తాది. ఎండకు ఎండిపోతే పగుళ్లిస్తాది. పగిలిందంటే మళ్లా దుడ్లు వచ్చినా ఈ ఊరికి రావు. చెడిపోయిన పని అని పక్కన పెట్టేస్తారు. కింద ఆసరా పెట్టిన కట్టెలు పీకొద్దని మా వాళ్లకు చెప్పినా. నీళ్ల బండి మాత్రం నాతోనే పోతాది." మజ్జిగ తాగి, చెంబు బోర్లించి వెళ్లిపోయాడు. ఆయన్ను మళ్లీ చూడలేదు.

నీళ్లు. ఆ ఏడు వానలు పడలేదు. ఊరికంతా ఒకటే చేదబావి, అదీ అడుగంటింది. ఇంటికి ఇన్ని బిందెలని వంతులు పెట్టుకున్నారు. అవ్వ రచ్చకట్ట దగ్గరికి పోయి, వంతెనకు తలా ఒక బిందె ఇమ్మని అడిగితే ఊరు ఊరంతా నవ్వింది. "తాగేకి లేకుంటే రాళ్లకు పొయ్యల్లనా? నీకేమన్నా మతి పోయిందా పెద్దమ్మా?" అన్నారు. నాయన కూడా తల దించుకుని "ఊరుకోమ్మా" అన్నాడు. అవ్వ ఎవరితోనూ వాదించకుండా ఇంటికి వచ్చేసింది. నేను ఆ రోజంతా కొట్టంలో కూర్చుని ఏడ్చాను.

మర్నాడు పొద్దున అవ్వ నన్ను లేపి, నా స్నానానికని ఉంచిన నీళ్ల బిందె నడుముకెత్తుకుని "రాయే" అంది. వంక దగ్గరికి తీసుకుపోయింది. మేస్త్రీ మనుషులు వదిలేసిన నిచ్చెన ఎక్కించి, స్లాబు మీద కూర్చోబెట్టి, అక్కడ నాకు నీళ్లు పోసింది. స్లాబు మీద వాళ్లు వెళ్తూ వెళ్తూ బంకమట్టితో చిన్న చిన్న గట్లు కట్టి పోయారు, పోసిన నీళ్లు జారిపోకుండా. నా ఒంటి మీద నుంచి జారిన నీళ్లు ఆ గట్ల మధ్య నిలిచాయి. మా ఊళ్లో వరిమడి అనేది చూసిన పిల్లలే లేరు. నీళ్లు నిలిచిన మడి నేను మొదట చూసింది ఆ వంతెన మీదే.

తిరిగి వస్తూ అవ్వ ఇంటింటి ముందూ ఆగింది. "బిడ్డలకు ఎట్లా ఇన్ని నీళ్లు పొయ్యక తప్పదు గదా. ఆ పోసేది ఆడ పొయ్యండి. మీకేమీ తక్కువ కాదు" అంది. పిల్లలకేమో స్నానం చేసిన ప్రతివాళ్లకూ చెంగులోంచి గుప్పెడు వేయించిన చెనక్కాయలు పెడతానని ఆశ చూపింది. ఇక ఆగుతారా? రెండు రోజులకే నిచ్చెన దగ్గర తోపులాట మొదలైంది. స్నానమంటే పారిపోయే వెధవలు పొద్దున్నే వచ్చి వరసలో నిలబడ్డారు. చలికి పళ్లు టకటక కొట్టుకుంటుండగా చెనక్కాయలు తినడం ఎంత కష్టమో మాకే తెలుసు. ఆ రుచి మళ్లీ ఏ చెనక్కాయకూ రాలేదు.

తర్వాత ఊరికి ఆవల వాడలోని పిల్లలు కూడా వాళ్ల నీళ్లు వాళ్లు తెచ్చుకుని వచ్చారు. కొందరు ఆడవాళ్లు మొఖాలు చిట్లించారు. అందరి నీళ్లూ ఒకే మడిలో నిలుస్తాయి కదా. "సిమెంటుకు తెలుస్తాదా ఎవురి నీళ్లో" అని అవ్వ వాడ పిల్లలకూ అదే చెంగులోంచి చెనక్కాయలు పెట్టింది. ఒకరిద్దరు తల్లులు తమ పిల్లల్ని పంపడం మానేశారు. పిల్లలు దొంగతనంగా వచ్చేశారు.

వారం గడిచిందో లేదో బావి మరీ అడుగుకు పోయింది. ఇక తాగడానికి తప్ప స్నానాలకు నీళ్లు వాడకూడదని పెద్దలు కట్టు పెట్టారు. వాళ్ల తప్పేమీ లేదు. అవ్వ ఇంట్లోని గోనె సంచులన్నీ తీసుకుపోయి స్లాబు మీద పరిచింది, ఉన్న తడి ఆరకుండా. ఒక రోజు ఆగింది తడి. మరుసటి రోజు మధ్యాహ్నానికి సంచులు కరకరలాడాయి. నేను చెయ్యి పెట్టి చూశాను. సంచి కింద బండ వెచ్చగా తగిలింది.

ఆ సాయంత్రం అవ్వ తన వంతు తాగే నీళ్ల చెంబు పట్టుకుని నిచ్చెన ఎక్కింది. ఒక చెంబుతో అంత స్లాబు ఏం తడుస్తుంది? ఆమెకూ తెలుసు. అయినా ఎక్కి, సంచుల మీద చేత్తో చిలకరిస్తూ నడిచింది. నాయన చేను నుంచి వస్తూ చూశాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను. ఆయన నేరుగా ఇంటికి పోయి, మిగిలిన ఒక్క ఎద్దుకు జతగా చిన్నాన్న వాళ్ల ఎద్దునూ బండినీ అడిగి తెచ్చి కట్టాడు. ఎక్కడికని అమ్మ అడిగితే, కోసెడు దూరంలో, రెండు మైళ్ల అవతల, ఒక ఊరి కుంటలో బురదనీళ్లు ఉన్నాయని విన్నానన్నాడు. పీపాయి నింపుకుని వచ్చేసరికి బాగా పొద్దుపోయింది.

ఆ రోజు నుంచి రోజూ పోయాడు. వంతెనను సాకు చేసుకున్న మనిషి అని నేను అన్నాళ్లూ లోలోపల తిట్టుకున్న నాయన, పీపాయిలోంచి బురదనీళ్లు తోడి పోస్తుంటే, నన్ను బడికి పంపాలని ఆయనకూ ఎంత ఉందో అప్పుడు తెలిసింది. పరిగెత్తుకుపోయి ఆయన నడుము పట్టుకున్నాను. "పక్కకు జరుగు పాపా, తడుస్తావు" అన్నాడు. ఒకరిద్దరు తమ బండ్లూ కట్టారు. మేస్త్రీ చెప్పిన వారాలు దాటాక అవ్వ సంచులు ఎత్తి చూసింది. ఎక్కడా వెంట్రుకంత పగులు లేదు.

స్లాబు నిలిచింది. పని మాత్రం మళ్లీ మొదలు కాలేదు. అటూ ఇటూ మట్టికట్ట లేక, ఒక కానా మీద స్లాబు లేకుండా, ఆ వంతెన వంకలో ఎవరో కట్టి మరిచిపోయిన అరుగులా నిలబడింది. నేను బడి తెరిచే నెల ఒకటి చూశాను, రెండు చూశాను. అవ్వ నాయనతో పోట్లాడింది కూడా. ఆయన మాట మీద ఆయన ఉన్నాడు. ఆ ఎద్దును తలుచుకుంటే నేనూ ఆయన్ను ఏమీ అనలేకపోయాను. తర్వాత చాలా ఏళ్లకు పేపర్లు చదివి తెలుసుకున్నాను, ఆ రోజుల్లో దేశమంతా అంతేనట. ఒక ప్రణాళికలో డ్యాములు, ఇంకోదాంట్లో ఫ్యాక్టరీలు, యుద్ధమొస్తే తుపాకులు, కరువొస్తే తిండిగింజలు. ఆగిపోయిన మొండి గోడలు ఎన్ని ఊళ్లలో ఉండిపోయాయో. వాటి పక్కన నాలాంటి ఆడపిల్లలు ఎందరు ఉండిపోయారో ఏ పేపరూ రాయలేదు.

డబ్బు మళ్లీ వచ్చేసరికి నాకు పెళ్లి మాటలు నడుస్తున్నాయి. కొత్త ఓవర్సీరు వచ్చి స్లాబు అంతా సుత్తితో తట్టి చూసి, బాగుంది, మిగిలింది మాత్రం చేస్తే చాలన్నాడు. మూడో కానా మీదా స్లాబు పోశారు, కట్ట పోశారు. బడి తెరిచే రోజున, అప్పుడే ఐదో తరగతి ముగించిన మా చెల్లెలు కొత్త లంగా కట్టుకుని, సంచి భుజాన వేసుకుని, నాయన చెయ్యి పట్టుకుని ఆ వంతెన దాటింది. వంక నిండుగా పారుతోంది. అది వెనక్కి తిరిగి నాకు చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. తర్వాత ముఖం పక్కకు తిప్పుకున్నాను.

అవ్వ పక్కనే ఉంది. సర్దిచెబుతుందేమో అనుకున్నాను. "అవి నీ కోసరం పోసిన నీళ్లేనే" అంది. "నీకు అందలా. దానికి అందినాయి. ఏడుపొస్తే ఏడ్చుకో, అందులో తప్పేమీ లేదు." నేను ఏడ్చాను. అవ్వ కళ్లు తుడుచుకోవడం కూడా చూశాను.

ఇదంతా జరిగి అరవై ఏళ్లు దాటింది. చెల్లెలు చదువుకుంది, ఉద్యోగం చేసింది, మంచి పేరు తెచ్చుకుంది. దాన్ని చూస్తే నాకు సంతోషం, కొంచెం కుళ్లు కూడా. ఎందుకు దాచాలి? బడ్జెట్ వచ్చిన మర్నాడు పేపర్లో రోడ్లకెంత, వంతెనలకెంత అన్న పేజీ ముందు నేనే తీసుకుంటాను. అన్ని కోట్లు నాకు అర్థం కావు. ఆ డబ్బు ఏ వంక దాకా వచ్చి ఆగిపోతుందో, ఆ గట్టున ఏ పిల్ల నిలబడి ఉందో అని మాత్రం అనిపిస్తుంది. ఇప్పుడు నేనుండే వీధిలో ఎవరో కొత్తగా ఇల్లు కడుతున్నారు. వాళ్లు వేరే ఊళ్లో ఉంటారు, కూలీలు కొన్ని రోజులు రారు. ఎండెక్కాక నేను మా కొళాయికి పైపు తగిలించి వాళ్ల గోడలు తడుపుతాను. మా కోడలు చూసి, మనకెందుకత్తయ్యా ఈ వయసులో అంటుంది. నిజమే, ఆ ఇంటివాళ్లెవరో నేను చూడనుకూడా లేదు. పచ్చి గోడ ఎండిపోతుంటే చూస్తూ కూర్చోవడం నాకు చేతకాదు.