చెముడు కాకి అన్నానని

పెళ్లయి సూర్యాపేట వచ్చిన కొత్తలో, 2003లో, అత్తమ్మతో నేను నోటితో మాట్లాడినదానికంటే చేతులతో చూపించిందే ఎక్కువ. ఆమెకు సరిగా వినపడదు. నాదేమో సన్న గొంతు. కోదాడలో మా ఇంట్లో అందరం మెల్లగా మాట్లాడేవాళ్లమే. నేను ఎంత అరిచినా ఆమె ముఖం చిట్లించి, "ఏందే, నోట్లనే గొణుగుతవ్?" అనేది. కుక్కర్ పక్కనే కూర్చుని, విజిల్ వచ్చిందా అని నన్నే అడిగేది.

మా ఆయన మిర్యాలగూడలో రైస్ మిల్లులో పనిచేసేవాడు. పొద్దున్నే బస్సెక్కితే చీకటి పడ్డాకే రావడం. పగలంతా ఇంట్లో మేమిద్దరమే.

మా కిరాయి ఇంటి వెనక ఒక ఖాళీ ప్లాటు, దాని నిండా సర్కారు తుమ్మ పొదలు ఉండేవి. ఒకరోజు ఇద్దరం చెరో చేట పెట్టుకుని వెనక గుమ్మంలో బియ్యంలో రాళ్లు ఏరుతుంటే అత్తమ్మ చటుక్కున తల ఎత్తింది.

"పిల్లా, ఏందా సప్పుడు? ఊప్ ఊప్ అంటుంది?"

నా చెయ్యి ఆగిపోయింది. పక్కింటి పిల్లల కేకలు కూడా వినపడని మనిషికి పొదల్లో పిట్ట కూత వినపడింది!

ఆ పిట్ట నాకు తెలుసు. నల్లటి ఒళ్లు, ఇటుక రంగు రెక్కలు, ఎర్రటి కళ్లు. మా ఇంట్లో దాన్ని చెముడు కాకి అనేవాళ్లు. చెముడంటే చెవుడే కదా అని చిన్నప్పుడు దాని వెనక చేరి చప్పట్లు కొట్టేదాన్ని. కొట్టిన ప్రతిసారీ ఉలిక్కిపడి పొదలో దూరేది. దానికి చెవుడూ లేదు, అది కాకీ కాదు, కోకిల చుట్టమని ఆ తర్వాతెప్పుడో తెలిసింది.

ఆ సంతోషంలో ఏమీ ఆలోచించకుండా గొంతు చించుకుని అరిచాను. "చెముడు కాకి, అత్తమ్మా! చెముడు కాకి!"

ఆ మాటలు మాత్రం ఆమెకు స్పష్టంగా వినపడ్డాయి. చేట కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. సాయంత్రం కొడుకు చెప్పులు విప్పకముందే ఎదురెళ్లింది.

"నీ పెండ్లాం నన్ను చెవిటి కాకి అన్నది. ఇగ నేను ఈడుండ. చివ్వెంలల మా తమ్మునింటికి పోత."

"నేనన్నది పిట్టనండీ," అని ఏడ్చేశాను.

సంగతంతా విని మా ఆయన గోడకు ఆనుకుని నవ్వాడు. మర్నాడు సెలవు. అమ్మను వెనక గుమ్మంలో కూర్చోబెట్టి, పిట్ట కనపడేదాకా లేవనివ్వలేదు. చాలాసేపటికి అది నత్తను ముక్కున కరుచుకుని, కోడిలా నడుచుకుంటూ బయటికొచ్చింది.

"గిదా?" అంది అత్తమ్మ. "గిది జెముడు కాకి గదరా! మేం గొర్లు కాసేకాడ జెముడు పొదల్ల మస్తుగుండేటియి. పొద్దుగాల కండ్ల వడితే మంచిదంటరు." తర్వాత నావైపు తిరిగింది. "చెముడేందే? మీ కోదాడోళ్లకు నోరు తిరగదా?" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. జెముడో చెముడో, ఏది అసలు పేరో నాకు ఇప్పటికీ తెలియదు.

ఏమీ వినపడని ఆమెకు ఆ పిట్ట కూత ఎలా వినపడిందా అని మా ఆయన మిర్యాలగూడలో చెవుల డాక్టరుకు చూపించాడు. నేనూ వెళ్లాను. వయసు మీదపడితే సన్నటి శబ్దాలు ముందు పోతాయని, ఆ పిట్ట కూతలాంటి బొంగురు శబ్దాలు కొంతకాలం నిలుస్తాయని డాక్టరు చెప్పాడు. "అరవకమ్మా. గొంతు దించి నిదానంగా మాట్లాడు," అన్నాడు నాతో.

తిరుగు బస్సులో ఆమె పక్కన కూర్చుని, మగవాళ్లలా గొంతు దించి అడిగాను. "అత్తమ్మా, ఆకలేస్తుందా?"

ఆమె గబుక్కున తిరిగి నా నోటివంక చూసింది. "ఏస్తుంది," అంది. ఆ వెంటనే, "మీ అమ్మ చాపల పులుసుల ఏమేం ఏస్తదే?" అని అడిగింది.

సూర్యాపేట బస్టాండు వచ్చేదాకా ఆ బొంగురు గొంతుతోనే చెబుతూ ఉన్నాను. చింతపండు దగ్గర ఇద్దరికీ వాదన కూడా అయింది. ముందు సీటాయన మాటిమాటికీ వెనక్కి తిరిగి నన్నే చూశాడు.